ముప్పై రోజులు క్రెడిట్ కార్డు బంద్

జూన్ 1, ఉదయం 6:40

నిర్ణయం జరిగిపోయింది. ఇవాళ్టి నుంచి ముప్పై రోజులు క్రెడిట్ కార్డు ముట్టను. ఒట్టు! ఎవరి మీద ఒట్టు అన్నది మాత్రం రాయను. ఎందుకైనా మంచిది.

కారణం: నిన్న బ్యాంకు బిల్లు అమల కంటబడింది. నలభై ఒక్క వేల చిల్లర. 'కనీసం రెండు వేల డెబ్బై కడితే చాలు' అని అచ్చు వేసిన గడి మీద వేలు పెట్టి చూపించాను. మా ఆవిడ వేలు ఆ పక్క గడి మీదికి పోయింది.

"మరి మిగిలిన ముప్పై తొమ్మిది వేలు ఎవలు కడ్తరు? మీ మామ కడ్తడా?"

మా మామ అంటే వాళ్ళ నాన్నే. ఆ సమయంలో ఆ సంగతి గుర్తు చేయడం క్షేమం కాదనిపించింది.

6:55. అసలు కార్డుల సంగతి నాకు చెప్పేవాడు పాతబస్తీలో లేడు. దుకాణాలకు కార్డు మెషీన్లు బిగించడమే నా ఉద్యోగం. ఎనిమిదేళ్ళ సర్వీసు! అందుకే తేడాలు పద్ధతిగా రాసుకుంటున్నాను.

డెబిట్: మన డబ్బు. గీకగానే ఖాతాలోంచి పోతుంది. ప్రాణం ఉసూరుమంటుంది.

క్రెడిట్: బ్యాంకు డబ్బు. ఇవాళ ఏ బాధా ఉండదు. నెల తిరిగాక బిల్లు. మొత్తం కట్టేస్తే వడ్డీ లేదు. 'కనీసం' కడితే మిగతాదానికి వడ్డీ, ఆ వడ్డీ మీద మళ్ళీ వడ్డీ.

తేలిందేమిటంటే, డెబిట్ వాడేవాడికి గీకినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది కాబట్టి ఖర్చు దానంతట అదే తగ్గుతుంది. ఇది నా సొంత సిద్ధాంతం.

7:10. లక్ష్యం: గ్రైండర్. అమల దోసెల పిండి రుబ్బి మాదన్నపేటలో మా గల్లీకి, పక్క రెండు గల్లీలకు అమ్ముతుంది. ఉన్న చిన్న గ్రైండర్ అరగంటకోసారి వేడెక్కి మొరాయిస్తోంది. పది లీటర్లది కొనాలి. ముప్పై నాలుగు వేలు. పిండి కొన్నవాళ్ళు డబ్బా మీది కోడ్ స్కాన్ చేస్తారు, డబ్బు నా ఖాతాలో పడుతుంది. ఇప్పటికి ఇరవై రెండు వేలు జమ అయింది. రోజుకు ఐదు వందల లెక్కన నెలాఖరుకు ముప్పై ఏడు. గ్రైండర్ వచ్చేసినట్టే, పైగా మూడు వేలు మిగులు! ఇంటి ఖర్చుకు నా జీతం ఉండనే ఉంది.

అమల షరతు ఒక్కటే. "అప్పు జేసి తెచ్చిన దాంట్ల నేను పిండి రుబ్బ. చేతిల పైసలుంటెనే కొనాలె."

7:30. క్రెడిట్ కార్డు మా అమ్మకు అప్పగించాను. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, వక్కల సంచిలో వేసి, సంచి నడుముకు దోపుకుంది.

"గీ అట్టముక్క కోసమేనా కొడుకా, పొద్దుగాల్నుంచి గింత లొల్లి?"

అంతా మంచే జరుగుతుంది!

జూన్ 3, మధ్యాహ్నం 1:15

ఇవాళ సాయిలన్న స్టీలు సామాన్ల దుకాణంలో మెషీన్ బిగించాను. బిగించాక ఒక్క రూపాయి గీకి, పనిచేస్తోందని చూసి, ఆ రూపాయి రద్దు చేయాలి. అది మా కంపెనీ పద్ధతి. పాతబస్తీ పద్ధతి వేరు. కొత్త మెషీన్ మీద మొదటి గీకుడంటే బోణీ. బోణీ ఎక్కడైనా ఒక్క రూపాయి చేస్తారా? చేసినా, రద్దు చేస్తారా?

సాయిలన్న గుండె పట్టుకున్నాడు. "బోణీ జేసి వాపస్ తీస్కుంటవా అన్నా? నా దుకాణం నడవాల్నా, వద్దా?"

"పనిచేస్తదో లేదో చూస్తున్న, గంతే."

"చూసెటందుకు ఏదన్న కొని చూడు. బాలరాజ్ చెయ్యి మంచిదని మార్కెట్ల అందరు అంటరు."

అంటారు. నిజమే. నా చేత్తో బోణీ అయిన మెషీన్ గల్లా పెట్టెను ఖాళీగా ఉంచదని పేరు. గొప్పలు చెప్పుకోవడం నాకు ఇష్టం ఉండదు కానీ, పోయిన ఏడాది ఒక మిఠాయి దుకాణం వాళ్ళు నా కోసం ముహూర్తం పెట్టించి, అరగంట ఆగారు.

ఇదివరకు ఈ బోణీలన్నీ క్రెడిట్ కార్డు మీదే. ఆ నలభై ఒక్క వేలలో ముక్కాలు వంతు అక్కడిదే. ఇవాళ మాత్రం డెబిట్! మూత ఉన్న గిన్నె, మూడు వందల నలభై. ఫోన్ టింగుమంది. ప్రాణం ఉసూరుమంది. నా సిద్ధాంతం పనిచేస్తోంది!

జూన్ 6, సాయంత్రం 6:00

ఈ వారం బోణీలు:

స్టీలు గిన్నె.
హుస్సేనీ ఆలంలో దుప్పట్ల దుకాణం. ఒక దుప్పటి.
సంతోష్‌నగర్‌లో ప్లాస్టిక్ సామాన్లు. బకెట్, మగ్గు.
పూజ సామాన్ల దుకాణంలో ఇత్తడి గంట.
చెప్పుల దుకాణంలో ఒక జత. నా సైజు దొరకలేదు. బోణీకి సైజు చూడరు.

అన్నీ సజ్జ మీద పెట్టాను. దాచలేదు. పెట్టాను.

క్రెడిట్ వాడకం: సున్నా!!

"ఆరు దినాలాయె అమలా, ఒక్కసారి గూడ ముట్టలె" అని చెప్పాను. దోసె మీద ఇంకో దోసె వేసింది, కారం పొడి కూడా అడగకుండానే. పెళ్ళయిన పదకొండేళ్ళలో నా గురించి ఆమె ముఖంలో అంత నమ్మకం ఎప్పుడూ చూడలేదు. భలే సంతోషమేసింది.

జూన్ 9, ఉదయం 8:20

పెద్ద వార్త! సంతోష్‌నగర్‌లో టిఫిన్ సెంటర్ నడిపే వరమ్మ స్వయంగా మా ఇంటికి వచ్చింది. మా పిండితో ఇడ్లీ వేసి చూసిందట. జూలై ఒకటో తారీకు నుంచి పొద్దున పొద్దునే పదిహేను కిలోలు కావాలంది. రోజూ!

"ఒకటో తారీకు అంటే ఒకటో తారీకే. ఒక్క దినం తప్పినా నాకు నడవది బిడ్డా" అని గట్టిగా చెప్పి పోయింది.

అమల గుమ్మంలోనే నిలబడి వేళ్ళ మీద లెక్క వేసుకుంది. తర్వాత తనలో తనే నవ్వుకుంది. చిన్న గ్రైండర్‌కి తడి గుడ్డ చుట్టి, దాన్ని తట్టి, "ఇంకొక ఇరవై దినాలు ఓర్చుకో తల్లీ" అంది. గ్రైండర్‌తో అంత ప్రేమగా మాట్లాడే మనిషి నాతో ఎందుకు మాట్లాడదో!

ఇరవై తొమ్మిదో తారీకు ఇద్దరం వెళ్ళి గ్రైండర్ తెస్తున్నాం. ఖాయం.

జూన్ 12, మధ్యాహ్నం 3:00

మా సూపర్‌వైజర్ ప్రణీత్ ఫోన్ చేశాడు. "బాలరాజన్నా, ఈ నెల నువ్వే టాప్. దుకాణాలోళ్ళు నీ పేరు జెప్పి అడుగుతున్నరు." మెషీన్‌కు వంద చొప్పున నాకు పైడబ్బులు వస్తాయి.

ఒక్కో బోణీకి నాలుగైదు వందలు పోతే, ఒక్కో మెషీన్‌కు వంద వస్తోంది. దీన్ని ఖర్చు అనకూడదు. పెట్టుబడి అనాలి. పెట్టుబడిని మధ్యలో ఆపేస్తే నష్టం అని టీవీలో కూడా చెబుతారు.

క్రెడిట్ వాడకం: ఇప్పటికీ సున్నా. ముఖ్యమైన సంగతి అది.

జూన్ 15, మధ్యాహ్నం 12:40

ఇవాళ ధైర్యం చేశాను. హుస్సేనీ ఆలంలో అత్తర్ల దుకాణం, ఖయ్యూం సాబ్‌ది. ఒక్క రూపాయి గీకి, రద్దు చేసి, సలాం చెప్పి బయటపడ్డాను. మెట్లు దిగానో లేదో, వెనక నుంచి కేక.

మెషీన్ ఆగిపోయింది! కాగితం చుట్ట ఇరుక్కుంది, అంతే. కానీ ఎవరు వింటారు?

"దేఖో మియా, బోణీ వాపస్ లియే, మెషీన్ రూఠ్ గయీ" అన్నాడు ఖయ్యూం సాబ్. మెషీన్ అలిగిందట! పక్క దుకాణం వాళ్ళు కూడా వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఎనిమిదేళ్ళ పేరు ఒక్క కాగితం ముక్కలో ఇరుక్కుపోయింది.

కాగితం తీశాను. అత్తరు కొన్నాను. ఆరు వందల యాభై. మెషీన్ పనిచేసింది. ఖయ్యూం సాబ్ నన్ను కావలించుకున్నాడు.

ఇంటికొస్తే అమ్మ ముక్కు ఎగబీల్చి, "ఏంది కొడుకా, పెండ్లికి బోయి వచ్చినవా?" అంది.

జూన్ 18, ఉదయం 9:30

ఖాతా చూశాను.

ఫోన్ ఆపి, మళ్ళీ పెట్టి చూశాను. అంతే ఉంది. పదహారు వేల తొమ్మిది వందలు. ముప్పై వేల పైన ఉండాల్సింది.

ఎట్లా? మొదటి వారం గీకినప్పుడు ఉసూరుమన్నది నిజం. రెండో వారం? ఫోన్ టింగుమనడం వినపడటం మానేసింది. గోడ గడియారం చప్పుడు ఎవరికి వినిపిస్తుంది?

9:50. కంగారు అక్కర్లేదు. ఆలోచించాలి. ఖాతాలో డబ్బు తగ్గకూడదు అంటే డెబిట్ వాడకూడదు. మరి బోణీలు ఎలా? క్రెడిట్! ఇది ఒట్టు తప్పడం కాదు. గ్రైండర్‌ను కాపాడటం. పైగా బోణీ గీకుడు కంపెనీ పని, సొంత వాడకం కిందికి రాదు.

10:05. "అమ్మా, గా కార్డు జర ఇయ్యి. బ్యాంకోళ్ళు తనిఖీ చేస్తరంట."

"అట్టముక్కల తనిఖీ ఏందిరా?" అంది కానీ ఇచ్చింది. వక్కల వాసన వేస్తోంది కార్డు. కన్నతల్లితో అబద్ధం. పొద్దున్నే. తనిఖీ అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో నోట్లోకి!

జూన్ 20, మధ్యాహ్నం 1:00

గాజుల దుకాణం. ముజీబ్ భాయ్. క్రెడిట్ కార్డు అందించాను.

"క్రెడిట్ హై తో దో పర్సెంట్ ఎక్స్‌ట్రా, భాయ్."

"బోణీకి గూడనా?"

"బోణీ అలగ్, ధందా అలగ్!" బోణీ వేరు, వ్యాపారం వేరట!

ఆ రెండు శాతం సంగతి దుకాణాలవాళ్ళకు నేర్పింది నేనే. 'క్రెడిట్ గీకితే మీకు కోత ఎక్కువ, డెబిట్‌కి తక్కువ' అని ఎనిమిదేళ్ళుగా ప్రతి దుకాణంలో పాఠం చెప్పాను. బాగా నేర్చుకున్నారు. గాజులు పన్నెండు వందలు, పైన ఇరవై నాలుగు.

జూన్ 22

క్రెడిట్. లుంగీలు మూడు. కళ్ళకు పెట్టుకునే సుర్మా, అరచేయంత డబ్బీ.

జూన్ 23

క్రెడిట్. టార్చిలైటు. క్రెడిట్. ఇంకో టార్చిలైటు. రెండు దుకాణాలూ పక్కపక్కనే, ఒకరి దగ్గర కొని ఇంకొకరి దగ్గర కొనకపోతే గొడవ.

జూన్ 24, సాయంత్రం 5:30

అమలకు చెప్పేయాలి. చెప్పేస్తాను. ఇవాళ గల్లీలో స్రవ్య వాళ్ళింట్లో పుట్టినరోజుకని పది కిలోలు రుబ్బి అలిసిపోయింది. రేపు చెబుతాను.

జూన్ 25

రేపు.

జూన్ 27, ఉదయం 11:00

ప్రణీత్‌కు ఫోన్ చేశాను. నా పైడబ్బులు ఇప్పుడే ఇప్పించమన్నాను. "పదో తారీకుకే వస్తయన్నా. సిస్టం గట్లనే ఉంటది" అన్నాడు. పదో తారీకు! గ్రైండర్ ఇరవై తొమ్మిదికి.

అమల ఇవాళ సజ్జ కింద మూల ఊడ్చి, తడి గుడ్డతో తుడిచి, కొత్త గ్రైండర్ ఎక్కడ కూర్చుంటుందో సుద్దముక్కతో గీత గీసింది. నన్ను పిలిచి చూపించింది. "గింత జాగ సరిపోతది గద?" అంది. సరిపోతుందన్నాను.

జూన్ 29, సాయంత్రం 4:00

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పదకొండు గంటలకు రామ్‌చందర్ గారి దుకాణానికి వెళ్ళాం. అక్కడి మెషీన్ కూడా నేను బిగించిందే. అమల పట్టు అంచు చీర కట్టుకుంది, గ్రైండర్ కొనడానికి. రాయి మీద చెయ్యి పెట్టి చూసింది. మోటారు చప్పుడు వినిపించమంది. "గిదే కావాలె" అంది.

డెబిట్ కార్డు పెట్టాను. ఖాతాలో ఇరవై రెండు వేల నాలుగు వందలు ఉన్నాయని నాకు తెలుసు. ముప్పై నాలుగు వేలు రావని తెలుసు. తెలిసీ పెట్టాను. అప్పుడు ఏం అనుకున్నానో ఇప్పుడు నాకే అర్థం కావడం లేదు. దేవుడేదో చేస్తాడనుకున్నానేమో.

మెషీన్ కూసింది. సరిపడా డబ్బు లేదు.

రామ్‌చందర్ గారు పెద్దమనిషి. "నెట్‌వర్క్ ఉండదన్నా ఒక్కోసారి" అన్నారు. అది నేను వాళ్ళకు నేర్పిన మాటే. కార్డు చెల్లని గిరాకీ ముందు అలా అనాలి, పరువు దక్కుతుంది అని.

అమల మెషీన్ వైపు చూడలేదు. నన్నే చూస్తోంది. నా చెయ్యి జేబులోకి పోయింది. క్రెడిట్ కార్డు బయటికి వచ్చింది.

"గది అత్తమ్మ సంచిల ఉండాలె గద?"

రామ్‌చందర్ గారు పాపం సాయం చేద్దామని, "క్రెడిట్ అయితే రెండు శాతం ఎక్కువైతదమ్మా, ఈఎంఐ పెట్టుకోవచ్చు" అన్నారు. అమల ఆయనకు దండం పెట్టి, బయటికి నడిచింది.

మెట్ల మీద అన్నీ చెప్పాను. బోణీలు, సజ్జ, తనిఖీ, అన్నీ. చివర్లో నన్ను నేను కాపాడుకుందామని, "మొదటి పదిహేడు దినాలు క్రెడిట్ ముట్టనే లేదు అమలా. అంతా డెబిటే. డెబిట్ అంటే మన పైసలే గద" అన్నాను.

"మన పైసలా? పొద్దుగాల నాలుగు గొట్టంగ లేచి పప్పు కడిగేదెవలు? నువ్వా?"

నేను రెండు కార్డులూ జేబులో పెట్టేశాను.

"బ్యాంకోని పైసలు వాడితే వాడు నెల నెలా కాయితం పంపి అడుగుతడు. నా పైసలు వాడితే నాకు కాయితం గూడ రాదు. నువ్వు టాప్ అయినవని నవ్వుకుంట వస్తివి."

ఏడ్చింది. బజారులో, పట్టు అంచు చీరలో. నాకు సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, అక్కడి నుంచి కదలలేనంత సిగ్గు. ఎనిమిదేళ్ళుగా ఊరందరికీ డెబిట్ అంటే సొంత డబ్బు అని చెబుతూ తిరిగాను. ఎవరి సొంతమో నన్ను నేను ఒక్కసారీ అడగలేదు.

కళ్ళు తుడుచుకుని, అక్కడే నిలబడి వరమ్మకు ఫోన్ చేసింది. "అక్కా, పెద్ద మెషిన్ రాలె. ఒకటో తారీకు నుంచి ఏడు కిలోలైతే గ్యారంటీగ ఇస్త." అవతల గట్టిగా మాటలు వినిపించాయి. అమల "అయ్యో అక్కా", "సరే అక్కా" అంటూ విన్నది. సగం ఆర్డరు సైదాబాద్‌లో ఇంకొకామెకు పోయింది. వరమ్మ ఊరుకోదు కదా, ఆమెకు ఆమె ఇడ్లీలు ముఖ్యం.



జూన్ 30, మధ్యాహ్నం 2:00

సజ్జ మీది సామానంతా అమల కిందికి దించింది. గది నిండింది. అమ్మ టార్చిలైట్లు రెండూ వెలిగించి చూసి, "కరెంటు బోతదని ఎవలన్న చెప్పిండ్రా కొడుకా?" అంది.

సంచి మోసుకుని నాలుగు దుకాణాలు తిరిగాను, వాపస్ తీసుకుంటారేమోనని. బోణీ సామాను తిరిగి తీసుకునే మొనగాడు పాతబస్తీలో పుట్టలేదు. సాయిలన్న అయితే నన్ను చూసి షట్టర్ సగం దించాడు. "అన్నా, చాయ్ తాగు, అన్నం తిను, నా తలకాయ అడుగు. గిది మాత్రం అడగకు!"

3:30. తిరిగొచ్చేసరికి మా అరుగు మీద దుకాణం వెలిసింది. పిండి కోసం వచ్చినవాళ్ళకు అమల గాజులు తొడిగి చూపిస్తోంది. స్రవ్య వాళ్ళమ్మ దుప్పటి బేరమాడుతోంది. చెప్పులు ఎవరికో సరిపోయాయి! అమ్మ అత్తరు చుక్క చేతికి రాసి, "వాసన జూసి పైసలు చెప్పు" అంటోంది.

నాలుగు వేల మూడు వందలు వచ్చాయి. అందులో ఒక్క రూపాయి కూడా నా ఖాతాలో పడలేదు. గ్యాస్ డబ్బుల కోసం ఎప్పుడో తెరిచిన ఖాతా ఒకటి అమలకు ఉంది. దానికి కొత్త కోడ్ నేనే తయారుచేసి, అచ్చు తీయించి, పిండి డబ్బా మీద నా కోడ్ పీకి ఇది అంటించాను. నా ఖాతాలో మిగిలిన ఇరవై రెండు వేల నాలుగు వందలూ ఆమెకు పంపాను. మొత్తం పది నిమిషాల పని. పది నిమిషాలు నాకు ఇన్నేళ్ళుగా దొరకలేదు.

ఇంకా ఏడు వేల మూడు వందలు తక్కువ. "పదిహేను దినాల్ల నేనే జమ జేస్త. నువ్వు ఏం సాయం జెయ్యకు" అంది. కోపంగానే అంది కానీ, నాతో అన్న మాటే కదా.

జూలై 1, సాయంత్రం 6:15

నిర్ణయం. మళ్ళీ మొదటి రోజు.

క్రెడిట్ కార్డు బంద్. ఈసారి ముప్పై రోజులు కాదు, బాకీ తీరేదాకా. కత్తెర అమ్మ చేతికిచ్చాను, ఉల్లికాడల్లా కత్తిరించింది. బిల్లు ఇప్పుడు నలభై ఏడు వేలు. ఇక నుంచి 'కనీసం' కాదు, జీతంలోంచి నెలకు పది వేలు. డెబిట్ కార్డు అమల దగ్గర.

తెల్లవారుజామున నాలుగింటికి నన్ను కూడా లేపింది. పప్పు కడిగాను. చిన్న గ్రైండర్ మూడుసార్లు ఆగింది, మూడుసార్లు తడి గుడ్డ మార్చాను. ఆరున్నరకల్లా ఏడు కిలోలూ వరమ్మకు చేరాయి. నడుము పట్టేసింది. ఈ పని ఆమె రోజూ ఎలా చేస్తోంది?

పదకొండింటికి చార్మినార్ వెనక టోపీల దుకాణంలో కొత్త మెషీన్. బిగించాను. ఆయన టోపీల పెట్టె తెరిచి, "బోణీ మీ చేత్తోనే" అన్నాడు.

"నా దగ్గర పైసల్లేవు భాయ్."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. చేతిలో బ్యాగు, మెడలో కంపెనీ కార్డు. నమ్మలేదు. ఖాళీ పర్సు తెరిచి చూపించాను. పాపం అనుకున్నాడేమో, ఒక టోపీ ఊరికే ఇవ్వబోయాడు. వద్దన్నాను. చివరికి ఆయనే తన కార్డుతో తన మెషీన్ మీద తన టోపీ తనే కొనుక్కున్నాడు. నా మంచి చెయ్యి పేరు రేపటికి పోతుంది. పోనీ.

ఇంటికొచ్చాక తల పగిలిపోతోంది. చాయ్ తాగాలి, గల్లీ చివర ఇరానీ హోటల్లో. అరగంట గుమ్మంలో అటూ ఇటూ తిరిగి, చివరికి అడిగాను.

"అమలా, ఓ యాభై ఇయ్యి."

"దేనికి?"

నాకు రోషం వచ్చింది. సంపాదించే మగవాణ్ణి పట్టుకుని దేనికి అని అడగడమా! నోటి దాకా వచ్చింది. అక్కడే ఆగింది. పిండి డబ్బులు అమల అడిగిన ప్రతిసారీ, చీర ఫాల్‌కి అడిగినా, మందులకు అడిగినా, నేను ముందు అడిగిన మాట అదే. ఆమె డబ్బు ఆమెకిస్తూ.

"చాయ్‌కి" అన్నాను.

ముప్పై ఇచ్చింది.